నాన్నగారికి వినికిడి తగ్గిందా, పరీక్ష మారిందా?

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్ళు. ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఇరవై ఏళ్ళుగా వినికిడి కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చింది. రెండు చెవులకూ మిషన్లు పెట్టుకున్నా మాట అర్థంకాని పరిస్థితి రావడంతో నిరుడు కుడి చెవికి కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలో అమర్చి, కరెంటుతో వినికిడి నాడిని తట్టే పరికరం) ఆపరేషన్ చేయించాం. స్విచ్ ఆన్ చేసి ఎనిమిది నెలలైంది. మూడో నెలలో చేసిన పరీక్షలో పదాలు 52 శాతం, వాక్యాలు 92 శాతం అని రాశారు. మొన్న ఎనిమిదో నెలలో పదాలు 44, వాక్యాలు 76, గోలలో వాక్యాలు 30 శాతం అని రాశారు. ఆడియోగ్రామ్ మాత్రం రెండుసార్లూ 30 డెసిబెళ్ళ దగ్గరే ఉంది, అది చాలా బాగుందట. అంత బాగా వినపడుతుంటే మాటలు ఎందుకు తగ్గాయి? లక్షలు పోసింది ఇందుకేనా అని అన్నయ్య అంటున్నాడు. ఆ కాగితం చూసినప్పటినుంచి నాన్నగారు దిగులుగా ఉన్నారు. ఇంట్లో అమ్మతో, నాతో బాగానే మాట్లాడతారు గానీ టీకొట్టు దగ్గరికి వెళ్ళడం మానేశారు. లోపలి పరికరం పాడైందా? వేరే ఆస్పత్రికి తీసుకెళ్ళాలా? మొదటిసారి ఆడియాలజిస్ట్ మేడమ్ గారు ఎదురుగా కూర్చుని తనే చదివారు, మధ్యమధ్యలో నోటికి కాగితం అడ్డుపెట్టుకున్నారు. ఈసారి స్పీకర్లోంచి ఎవరో మగమనిషి గొంతు వచ్చింది. ఎడమ చెవి మిషన్ కూడా తీయించారు.
— ఒక పాఠకురాలు, కాకినాడ జిల్లా

సమాధానం: అమ్మా, మీరు ఉత్తరం చివర, అంత ముఖ్యం కాదేమో అన్నట్టుగా రాసిన మూడు వాక్యాల్లోనే మీ ప్రశ్నకు జవాబు చాలావరకు ఉంది. మూడో నెలలో మీ నాన్నగారికి చేసిన పరీక్ష ఒకటి, ఎనిమిదో నెలలో చేసినది మరొకటి. రెండింటి పేరూ ఒకటే కావడం వల్ల, రెండింటికీ శాతాల్లోనే మార్కులు వేయడం వల్ల అవి ఒకే పరీక్షలా కనిపిస్తున్నాయి. మీరు రాసిన వివరాలను బట్టి పరికరం పాడైందని అనుకోవడానికి నాకు ఆధారం కనిపించడం లేదు. వినికిడి తగ్గిందని చెప్పడానికి కూడా ఈ రెండు కాగితాలు చాలవు. అలా ఎందుకంటున్నానో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే రేపు మీరు ఆడియాలజిస్టును కలిసినప్పుడు అడగవలసిన ప్రశ్నలన్నీ ఆ వివరంలోనే ఉన్నాయి.

ముందుగా ఆడియోగ్రామ్ సంగతి. ఇంప్లాంట్ పెట్టుకుని తీసే ఆడియోగ్రామ్ ఒక్క విషయమే చెబుతుంది: ఎంత చిన్న శబ్దం వచ్చినా అది ఉన్నట్టు ఆయనకు తెలుస్తోంది అని. 30 డెసిబెళ్ళంటే మామూలు మాటల్లోని ధ్వనులన్నీ దాదాపుగా చెవిని చేరుతున్నాయన్నమాట, మా భాషలో ‘స్పీచ్ బనానా’లో (ఆడియోగ్రామ్ మీద మాట ధ్వనులు పడే అరటిపండు ఆకారపు చోటులో) పడ్డాయంటాం. అయితే ఆ గీత బాగుండడంలో ప్రాసెసర్ (ఇంప్లాంట్‌లో బయట పెట్టుకునే భాగం) అమరిక పాత్ర ఎక్కువ. మైక్రోఫోను పట్టిన చిన్న శబ్దాన్ని ఎంత కరెంటుగా మార్చి పంపాలో మ్యాపింగులో మేమే నిర్ణయిస్తాం కాబట్టి, మ్యాప్ సరిగా ఉంటే ఆ గీత సహజంగానే 20 నుంచి 30 డెసిబెళ్ళ మధ్యకు వస్తుంది. చేరిన శబ్దాన్ని విడదీసి, ఇది ‘క’, ఇది ‘త’ అని గుర్తుపట్టడం వేరే పని. మీ నాన్నగారికి ఈ తేడా నాకన్నా బాగా తెలుసు. దూరాన వస్తున్న బస్సుకు బోర్డు ఉందని, దాని మీద అక్షరాలున్నాయని కనపడడం ఒకటి, అది సామర్లకోట బస్సో పిఠాపురం బస్సో చదవగలగడం ఒకటి. ఆడియోగ్రామ్ మొదటిదాన్ని కొలుస్తుంది, పదాల పరీక్ష రెండోదాన్ని కొలుస్తుంది. అందువల్ల ఆడియోగ్రామ్ బాగుండి పదాల మార్కులు సగంలో ఉండడంలో వైరుధ్యమేమీ లేదు. పెద్దవయసులో ఇంప్లాంట్ వేయించుకున్నవారిలో మేము తరచుగా చూసే స్థితే అది.

ఇప్పుడు మొదటి పరీక్షకు వద్దాం. ఎదురుగా కూర్చున్న మనిషి తన గొంతుతో చదివి పరీక్షించడాన్ని మేము లైవ్ వాయిస్ అంటాం. అది తేలిక, త్వరగా అయిపోతుంది, రోగి అలిసిపోతే ఆగవచ్చు. కానీ చదివే మనిషికి ఎంత అనుభవమున్నా, ఎదుటివారు తడబడుతుంటే తెలియకుండానే కొంచెం నిదానంగా, కొంచెం విడమరిచి చదవడం మొదలుపెడతారు. పైగా ఆ గొంతు మీ నాన్నగారికి కొత్తది కాదు. స్విచ్ ఆన్ రోజు నుంచి మూడు నెలలపాటు మ్యాపింగు కోసం వెళ్ళిన ప్రతిసారీ ఆయన విన్న గొంతే. రెండోసారి వచ్చింది పరిచయం లేని గొంతు, రికార్డు చేసినది, ఎవరికీ ఆగదు, ఎవరికోసమూ నెమ్మదించదు. దాన్ని ఒక నిర్ణీత స్థాయిలో, సాధారణంగా 60 లేక 65 డెసిబెళ్ళలో, ముఖానికి ఎదురుగా సుమారు ఒక మీటరు దూరంలో ఉన్న స్పీకరు నుంచి వినిపిస్తారు. అందుకే రికార్డు పరీక్షలో మార్కులు తగ్గడం మామూలే. ఆరు నెలల తరువాతో ఏడాది తరువాతో పోల్చుకోవడానికి పనికివచ్చేది కూడా ఆ పరీక్షే.

నోటికి అడ్డుపెట్టుకున్న కాగితం గురించి మీరు రాసినది ఇంకా ముఖ్యం. ‘మధ్యమధ్యలో’ అన్నారు. అంటే మిగతా సమయంలో పెదవులు కనపడ్డాయన్నమాట. బడిలో వ్యాకరణం చదివిన రోజుల్లో కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు అని అక్షరాలను పుట్టుచోటును బట్టి వర్గాలు చేసి నేర్పేవారు, మీకు గుర్తుండే ఉంటుంది. ఇంప్లాంట్ ద్వారా వినేవారికి అన్నిటికన్నా కష్టమైనది ఈ పుట్టుచోటును పట్టుకోవడమే. ‘క’కూ ‘త’కూ ‘ప’కూ మధ్య తేడా, అక్షరం మొదలయ్యే ఆ రెప్పపాటులో ధ్వనిశక్తి ఏ పౌనఃపున్యాల (ఫ్రీక్వెన్సీల) దగ్గర పోగుపడి ఉందన్న సూక్ష్మమైన విషయంలో ఉంటుంది. లోపలి చెవిలోని నత్తగుల్లలాంటి భాగమైన కాక్లియాలో వేల సంఖ్యలో ఉండే, శబ్దాన్ని పట్టే రోమకణాలు చేసే ఆ పనిని 12 నుంచి 22 దాకా ఎలక్ట్రోడ్లున్న ఒక సన్నని తీగ చేయవలసి వస్తోంది. ఒక ఎలక్ట్రోడు నుంచి వెలువడిన కరెంటు పక్కకు కూడా పాకుతుంది కాబట్టి, విడివిడిగా పనికివచ్చే దారులు అంతకన్నా తక్కువే. దీనికి విరుద్ధంగా ‘ప’కూ ‘బ’కూ ‘మ’కూ ఉన్న తేడా, ‘పలు’కూ ‘పాలు’కూ ఉన్న తేడా ఎక్కువగా కాలంలోనూ శబ్దం హెచ్చుతగ్గుల్లోనూ ఉంటుంది, వాటిని ఇంప్లాంట్ చాలా మెరుగ్గా అందిస్తుంది. విచిత్రమేమిటంటే పెదవుల లెక్క సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటుంది. ‘ప’, ‘బ’, ‘మ’ మూడింటికీ పెదవులు ఒకేలా కలుస్తాయి, చూసి చెప్పలేం. కానీ అది ‘క’ కాదు, ‘త’ కాదు అని మాత్రం చూడగానే తెలుస్తుంది. చెవి ఎక్కడ తడబడుతుందో అక్కడ కన్ను ఆదుకుంటుంది. అందువల్ల పెదవులు కనపడుతూ చేసిన పరీక్షలో 92, కనపడకుండా చేసిన పరీక్షలో 76 రావడాన్ని ‘పదహారు శాతం పడిపోయింది’ అని చదవకూడదు. ఇంట్లో మీతో, అమ్మతో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడు ఆయనకు బాగా అర్థం కావడానికి కూడా కారణం ఇదే, అది బలహీనత కాదు, వాడుకోవలసిన వనరు.

మూడో తేడా ఎడమ చెవి. అక్కడ మిగిలిన వినికిడి విడిగా మాటను అర్థం చేసుకోవడానికి చాలకపోయినా, గొంతు శ్రుతిని, మాటల రాగాన్ని, ఎవరు మాట్లాడుతున్నారన్న గుర్తును అది మోసుకొస్తుంది. ఇంప్లాంట్ సరిగా అందించలేనివి ముఖ్యంగా అవే. అందుకే ఒక చెవికి ఇంప్లాంట్, రెండో చెవికి మిషన్ కలిపి వాడేవారికి విడి చెవి కన్నా రెండూ కలిసి మెరుగ్గా పనిచేయడం తరచుగా చూస్తాం. రెండోసారి ఎడమ మిషన్ తీయించడం తప్పు కాదు. ఇంప్లాంట్ ఒక్కటే ఎంత చేస్తోందో తెలుసుకోవాలంటే తీయించాలి. కానీ మొదటిసారి పెట్టుకుని, రెండోసారి తీసేసి, రెండు అంకెలనూ పక్కపక్కన రాసినప్పుడు ఆ విషయం కూడా పక్కనే రాయాలి. రాసి ఉంటే మీ నాన్నగారు దిగులు పడి ఉండేవారు కారు.

పదాల మార్కులు 52 నుంచి 44కు తగ్గడం గురించి మీరు ఎక్కువగా బెంగ పెట్టుకున్నట్టున్నారు. జాబితాలో 25 పదాలుండి ఉంటాయి, ఆ శాతాలు దానికి సరిపోతున్నాయి. 52 శాతమంటే 13 పదాలు, 44 శాతమంటే 11 పదాలు. అంటే ఎనిమిది శాతం అని భయపెడుతున్న ఆ తేడా మొత్తం రెండు పదాలు. పది నిమిషాల తరువాత అదే మనిషికి, అదే చెవికి అంతే కష్టమున్న మరో జాబితా వినిపిస్తే ఆ మాత్రం తేడా ఊరికే వస్తుంది. థార్న్‌టన్, రాఫిన్ అనే ఇద్దరు 1978లోనే దీని గణితాన్ని పట్టికలుగా ఇచ్చారు. మార్కులు సగం దగ్గర ఉన్నప్పుడు 25 పదాల జాబితాలో ఏడు పదాల దాకా తేడా వస్తేగాని నిజంగా మార్పు వచ్చిందని గట్టిగా చెప్పడానికి వీల్లేదు. అంటే 28 శాతం. జాబితాను 50 పదాలకు పెంచితే ఆ హద్దు సుమారు 20 శాతానికి దిగుతుంది. వృత్తిలో చేరిన కొత్తలో నేను ఒక పెద్దాయనకు పది పదాలు చదివి, ‘పోయినసారి ఆరు, ఈసారి ఎనిమిది, మీకు ఇరవై శాతం పెరిగింది’ అని సంబరంగా చెప్పాను. తరువాతి నెల ఆరే వచ్చాయి. ఆయన ముఖం చూశాక ఆ రెండు పదాలకు నేను కట్టిన విలువ ఎంత తప్పో తెలిసింది. ఆ తరువాత పది పదాలు చదివి ఎవరికీ శాతాలు చెప్పలేదు.

మీ నాన్నగారి పరీక్ష కాగితం మీద పదం పక్కన టిక్కు, ఇంటూ మాత్రమే ఉంటే దాని వల్ల తెలిసేది తక్కువ. ఆయన ఏమన్నారో రాసి ఉంటేనే అసలు కథ తెలుస్తుంది. ‘కోట’ అని వినిపిస్తే ఆయన ‘తోట’ అన్నారనుకోండి. పదంగా చూస్తే సున్నా మార్కులు. ధ్వనులుగా చూస్తే క, ఓ, ట, చివరి అ అనే నాలుగింటిలో మూడు సరిగ్గా పట్టారు, తప్పినది పుట్టుచోటు ఒక్కటే. అదే ‘కోట’కు ‘మామిడి’ అన్నారనుకోండి, అప్పుడూ సున్నాయే, కానీ ఆ సున్నా వేరు. మొదటి తప్పు చూసినప్పుడు నేను పై పౌనఃపున్యాల ఎలక్ట్రోడ్ల స్థాయిలను ఒకసారి చూసుకుంటాను, సాధన ఎక్కడ పెట్టాలో ఆలోచిస్తాను. రెండో రకం తప్పులు వరుసగా వస్తే ఆయన అలిసిపోయారా, ప్రాసెసర్ పనిచేస్తోందా అని చూస్తాను. పదాలకు బదులు ధ్వనులను లెక్కించే పద్ధతి కొత్తదేమీ కాదు. ఆర్థర్ బూత్రాయిడ్ 1968లో ఇంగ్లీషులో తయారుచేసిన జాబితాల్లో పదేసి పదాలే ఉంటాయి, కానీ ఒక్కో పదంలో మూడు ధ్వనుల చొప్పున 30 మార్కులు వస్తాయి. ఇంగ్లండులో ఎవరికి ఇంప్లాంట్ ఇవ్వాలన్న నిబంధనను 2019లో మార్చినప్పుడు, అంతదాకా ఉన్న వాక్యాల పరీక్షను తీసేసి ఈ ధ్వనుల లెక్కనే పెట్టారు: మిషన్ పెట్టుకుని 70 డెసిబెళ్ళ దగ్గర 50 శాతం కన్నా తక్కువ వస్తే ఆ చెవికి మిషన్ చాలడం లేదని లెక్క.

వాక్యాన్ని ఎందుకు వదిలేశారన్న ప్రశ్న మీ నాన్నగారి 76 శాతానికి కూడా సంబంధించినదే. పదాల్లో 44 వచ్చిన మనిషికి వాక్యాల్లో 76 ఎలా వచ్చాయి? వాక్యంలో చెవి వినకపోయినా బుర్ర నింపుకునేది చాలా ఉంటుంది. ‘చిల్లర లేదు, దిగేటప్పుడు ఇస్తాను’ అన్న వాక్యంలో మొదటి రెండు మాటలు చెవిన పడితే చాలు, మిగతాది మీ నాన్నగారు నిద్రలో కూడా చెప్పగలరు. ముప్ఫై ఏళ్ళు విన్న మాట అది. నిత్యజీవితంలో ఇదే మనకు కావలసిన శక్తి కాబట్టి వాక్యాల పరీక్ష అవసరమే. కానీ భాషమీద పట్టున్న మనిషిలో అది చెవి లోపాన్ని కప్పేస్తుంది. అందుకే రెండూ చేయాలి, రెండు అంకెలనూ విడివిడిగా చదవాలి. అమెరికాలో 1996లోనే పెద్దలకు ఇంప్లాంట్ ముందూ తరువాతా చేయవలసిన కనీస పరీక్షలు ఇవీ అని ఒక పట్టికను రూపొందించారు. 2011లో దాన్ని సవరించినప్పుడు విడి పదాలు, వాక్యాలు, గోలలో వాక్యాలు మూడూ అందులో ఉన్నాయి. మీ ఆడియాలజిస్టు ఎనిమిదో నెలలో చేసినది కూడా ఆ మూడే, కాబట్టి ఆమె పని తీరు మీద నాకు ఫిర్యాదు లేదు. మూడో నెలలోనే అలా చేసి ఉండవలసింది, అంతే.

ఇక్కడ తెలుగుకే ప్రత్యేకమైన చిక్కులు కొన్ని ఉన్నాయి, చాలామంది వాటిని పట్టించుకోరు. ఇంగ్లీషు పరీక్షల్లో ఎక్కువగా వాడే పదాలు ఒకే అక్షరంగా పలికేవి, హల్లుతో మొదలై హల్లుతో ముగిసేవి. తెలుగు అజంత భాష, మన మాట అచ్చుతో ముగుస్తుంది, ఏకాక్షర పదాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. అందుకే మన జాబితాల్లో తోట, మేక, పాలు వంటి రెండక్షరాల పదాలు ఉంటాయి. రెండక్షరాలు ఉన్నప్పుడు రెండోది మొదటిదాన్ని ఊహించడానికి సాయపడుతుంది కాబట్టి, తెలుగు పదాల్లో వచ్చిన 44ను ఏదో ఇంగ్లీషు వ్యాసంలో చూసిన 44తో పోల్చకూడదు. వాక్యాల దగ్గర చిక్కు మరొకటి. ఇంగ్లీషులో ఆరేడు విడి మాటలయ్యేది తెలుగులో రెండు మూడు మాటల్లో ఇమిడిపోతుంది. ‘ఊళ్ళోనుంచి’ అన్నదాన్ని ఆయన ‘ఊళ్ళోకి’ అని అప్పజెబితే మాట సరిగ్గా పట్టినట్టా, తప్పినట్టా? అర్థం తిరగబడింది, ధ్వనులు చాలావరకు ఒప్పాయి. ‘వచ్చాడు’ అని వినిపిస్తే కరీంనగర్ నుంచి వచ్చిన పెద్దాయన ‘వచ్చిండు’ అని తన యాసలో చెబితే మార్కు తీసేస్తామా? నేను తీయను. అయితే పరీక్ష మొదలుపెట్టకముందే ఆ నియమం రాసుకుంటాను, లేకపోతే ఆరోజు నా ఓపికను బట్టి మార్కులు మారతాయి. గోలలో పరీక్షించడానికి ఒకదానికొకటి సమానమైన కష్టం ఉండేలా తూచి తయారుచేసిన తెలుగు వాక్య జాబితాలు 2017లో ఒక అంతర్జాతీయ ఆడియాలజీ పత్రికలో ప్రచురితమయ్యాయి. ఏ జాబితా వాడారో మీ ఆడియాలజిస్టును అడగడంలో మొహమాటం అక్కర్లేదు. అడగవలసిన మరో మాట: ఒకసారి వాడిన జాబితానే మళ్ళీ వాడుతున్నారా? నా దగ్గరికి వచ్చే ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు మూడోసారికి జాబితా మొత్తం వరుసగా అప్పజెప్పారు, ప్రాసెసర్ ఆన్ చేయకముందే.

ఇక టీకొట్టు సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపిన వాక్యం అదే, 30 శాతం అన్న అంకెకు అర్థం కూడా అక్కడే దొరుకుతుంది. గోలలో పరీక్ష అంటే మాట ఒక స్థాయిలో, దాని వెనుక నలుగురైదుగురు కలిసి మాట్లాడుతున్న రొద మరో స్థాయిలో పెట్టి వినిపించడం. మాట రొదకన్నా 5 డెసిబెళ్ళు ఎక్కువుంటే ప్లస్ 5 అంటాం, రెండూ సమానమైతే సున్నా. వినికిడి మామూలుగా ఉన్నవారు రొదే మాటకన్నా కాస్త ఎక్కువైనా వాక్యాల్లో సగం పట్టుకుంటారు. ఇంప్లాంట్ వాడేవారిలో ఎక్కువమందికి అదే సగం పట్టాలంటే మాట రొదకన్నా గణనీయంగా పైన ఉండాలి. 1995లో రాబర్ట్ షానన్ బృందం వినికిడి బాగున్నవారికే మాటను నాలుగే పౌనఃపున్య పట్టీలుగా ముతక చేసి వినిపిస్తే, నిశ్శబ్దంలో వారు దాన్ని చక్కగా అర్థం చేసుకున్నారు. ఇంప్లాంట్ పనిచేయడానికి గల రహస్యం అదే. కానీ ఆ ముతకతనం నిశ్శబ్దంలో సరిపోయినట్టు గోలలో సరిపోదు. రొదలోంచి ఒక గొంతును వేరుచేయాలంటే నేత సన్నగా ఉండాలి. కాబట్టి మీ నాన్నగారి 30 శాతం పక్కన ప్లస్ 10 అని ఉందా, ప్లస్ 5 అని ఉందా, సున్నా అని ఉందా అన్నది తెలియకుండా దానికి అర్థం లేదు. ప్లస్ 5 దగ్గర ఒంటి చెవితో 30 శాతం అయితే నేను కంగారు పడను. మూడో నెలలో ఈ పరీక్షే చేయలేదు కాబట్టి ఇది తగ్గిన అంకె కూడా కాదు, మొదటి అంకె.

వేరే ఆస్పత్రికి వెళ్ళేముందు ఈ పని చేయండి. అదే ఆడియాలజిస్టు దగ్గర ఒక గంట సమయం అడిగి, ఉదయం పూట, నాన్నగారు అలిసిపోకముందు, మూడు విధాలుగా పరీక్ష చేయమనండి: ఇంప్లాంట్ ఒక్కటే, ఎడమ మిషన్ ఒక్కటే, రెండూ కలిపి. రికార్డు చేసిన పదాలు వీలైతే 50, వాక్యాలు కొత్త జాబితా, గోల స్థాయి ఎంతో అంకె. ఆ తరువాత, విడిగా, పెదవులు చూస్తూ ఎంత వస్తుందో కూడా చేయమనండి, నాన్నగారు ఆ అంకె చూడాలి. కాగితం మీద తేదీ, ప్రాసెసర్ ఏ ప్రోగ్రాములో (అమరికలో) ఉండగా పరీక్షించారు, ఎన్ని డెసిబెళ్ళు, రికార్డా లైవా, ఏ జాబితా అన్నవి రాయించుకోండి. తెలుగు రికార్డు జాబితాలు అక్కడ లేకపోతే అప్పుడు సికింద్రాబాదులోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ (వినికిడి, మాట లోపాలకు సంబంధించినది) ప్రాంతీయ కేంద్రం వంటి చోట అడగవచ్చు. ఎనిమిదో నెల పరీక్షను ఆధారరేఖగా పెట్టుకుని, పన్నెండో నెలలో అచ్చంగా అదే పద్ధతిలో చేయించండి. పెద్దల్లో ఎక్కువ మెరుగుదల మొదటి ఆరు నెలల్లోనే కనపడినా, ఏడాది దాకా, కొందరిలో ఆ తరువాత కూడా అంకెలు కదులుతూనే ఉంటాయి.

నిజంగా పరికరంలో లోపముందని అనుమానించవలసిన సందర్భాలు వేరు. నిన్నటిదాకా పట్టిన మాట ఈరోజు హఠాత్తుగా పోవడం, శబ్దం వచ్చి పోతూ ఉండడం, తలలో పటపటమనే చప్పుడు, బయటి భాగాన్ని తలకు పట్టి ఉంచే అయస్కాంతం దగ్గర నొప్పి లేక ఎరుపు, ఆడియోగ్రామ్ గీత కిందకి జారడం. అప్పుడు ఆలస్యం చేయకుండా వెళ్ళి ఎలక్ట్రోడ్ల ఇంపిడెన్స్ (కరెంటుకు ఎదురయ్యే నిరోధం) చూపించుకోవాలి. దానికన్నా ముందు ఇంట్లోనే చూసుకోగలిగినది ఒకటుంది. రోజూ పొద్దున ప్రాసెసర్ పెట్టుకోగానే మీరు ఆయన వెనుక, ఒక మీటరు దూరంలో నిలబడి ఆ, ఊ, ఈ, మ్, శ్, స్ అనే ఆరు ధ్వనులను వరుస మార్చిమార్చి, మధ్యలో ఊరుకుంటూ, మామూలు గొంతుతో అనండి. ఆయన విన్నది తిరిగి అనాలి. డానియల్ లింగ్ పెట్టిన ఈ ఆరు ధ్వనులు కింది పౌనఃపున్యాల నుంచి పైవాటి దాకా మాట పరిధిని మొత్తం చుట్టివస్తాయి. ‘స్’ ఒక్కటే రెండు మూడు రోజులు వినపడకపోతే ముందు మైక్రోఫోను మీది చిన్న కవరు మార్చి చూడండి. మీవంటి సముద్రతీరపు ఉక్కపోతలో చెమట, దుమ్ము అక్కడ చేరి మాట మందగిస్తుంది, రోగి మాత్రం తన చెవే పాడైందనుకుంటాడు. రాత్రిపూట తేమ పీల్చే డబ్బాలో ప్రాసెసర్ పెట్టడం మానకండి.

నాన్నగారి స్వంత అనుభవానికి పరీక్షగదిలో చోటుండదు, అది మా పద్ధతుల్లోని లోటే. అందుకే ప్రశ్నావళులు వాడతాం. గేట్‌హౌస్, నోబుల్ అనేవారు 2004లో ప్రచురించిన దానిలో 49 ప్రశ్నలున్నాయి: గోలలో ఒకరి మాట పట్టగలరా, చప్పుడు ఎటునుంచి వస్తోందో తెలుస్తుందా, వినడానికి ఎంత శ్రమ పడుతున్నారు అని సున్నా నుంచి పది దాకా మార్కులు వేయమంటారు. ఈ శ్రమ గురించే ఇంట్లోవాళ్ళకు తెలియదు. ఇంప్లాంట్ వాడేవారు సాయంత్రానికి మౌనంగా అయిపోవడం అలకవల్ల కాదు, అలసట వల్ల. అడగడానికి మొహమాటపడి అర్థమైనట్టు తల ఊపేస్తుంటే, ‘అర్థమైందా?’ అనకుండా ‘ఏమన్నాను?’ అని మీరు నెమ్మదిగా అడగండి, ముందే ఒప్పందం చేసుకుని, నలుగురిలో కాకుండా.

మీ అన్నయ్యకు ఒక పాత సంగతి చెప్పండి. 1977లో అమెరికాలో రాబర్ట్ బిల్గర్ బృందం అప్పటి ఒంటి ఎలక్ట్రోడు ఇంప్లాంట్లు వేయించుకున్న 13 మందిని శ్రద్ధగా పరీక్షించి, వీరికి పెదవులు చదవడం మెరుగైంది గానీ వినికిడి ఒక్కదానితో మాట అర్థం కావడం లేదని తేల్చింది. ఆరోజు లెక్కతో చూస్తే, ఎదుట మనిషి లేకుండా, ఎవరో తెలియని గొంతు స్పీకర్లోంచి చెప్పిన వాక్యాల్లో నాలుగింట మూడు వంతులు ఒక్క ఇంప్లాంటుతో తిరిగి చెప్పిన మీ నాన్నగారు ఎక్కడ నిలబడతారో ఆయనే చూసుకుంటారు. ఆపరేషనుకు ముందు, మిషన్లతో చేసిన పరీక్ష కాగితం మీ ఫైల్లో ఉండే ఉంటుంది. ఎనిమిదో నెల అంకెలను పోల్చి చూడవలసింది దానితోనే. ఆ కాగితం వెతికి నాన్నగారి చేతికివ్వండి.

టీకొట్టుకు మళ్ళీ పంపించండి, రెండు మూడు మార్పులతో. బేరాలు పలచబడ్డ వేళ, పదకొండింటప్పుడో నాలుగింటప్పుడో వెళ్ళమనండి. రోడ్డు వైపు వీపు, స్నేహితుడి ముఖం వెలుతురులో ఉండేలా కూర్చోమనండి, స్టవ్వు పక్కన కాదు. ఎడమ మిషన్ పెట్టుకుని వెళ్ళమనండి. గోల కోసం వేరే ప్రోగ్రాము ఇచ్చారేమో ఆడియాలజిస్టును అడిగి, దాన్ని ఎలా మార్చుకోవాలో నేర్పించండి. వచ్చాక ఎవరి మాట అందింది, ఎవరిది అందలేదు అని టికెట్ల ట్రేలో రాసుకున్నంత పొడిగా ఒక చిన్న నోటుబుక్కులో రాయమనండి. పన్నెండో నెల పరీక్షకు వెళ్ళేటప్పుడు ఆ నోటుబుక్కును కూడా పట్టుకెళ్ళండి.